గల్ఫ్ నుంచి కోనసీమకు: వేసవిలో ఇంటి మనిషి రాక

గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమనున్న కోనసీమలో వేసవి అంటే మామిడిపళ్లు, పెళ్లిళ్లు, పిల్లల సెలవులు. దానితోపాటు మరొకటి కూడా: గల్ఫ్ నుంచి మనుషులు ఇంటికొచ్చే కాలం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాల్లో కువైట్, ఒమన్, ఖతర్, బహ్రెయిన్, దుబాయ్ పేర్లు పక్క ఊళ్ల పేర్లలా వినిపిస్తాయి. ఇక్కడి వలసకు ఒక ప్రత్యేకత ఉంది. తెలంగాణలోని కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లేవారిలో మగవాళ్లే ఎక్కువ. గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి మాత్రం ఆడవాళ్లు పెద్దసంఖ్యలో ఇంటిపనికి వెళతారు. పిల్లలను అమ్మమ్మకో మామ్మకో అప్పగించి, రెండేసి సంవత్సరాలు పరాయి ఇంట్లో ఉండి, ఒక వేసవిలో తిరిగొచ్చే తల్లిని ఆహ్వానించడం ఇక్కడి కుటుంబాలకు తరచూ ఎదురయ్యే సందర్భం. దానికంటూ ఒక పద్ధతి, ఏర్పాట్లు, ఆనందాలు, చిక్కులు ఉన్నాయి.

వలస నేపథ్యం

ఈ తీరానికి సముద్రం దాటడం కొత్త కాదు. యానాం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడల రేవు. ఇక్కడి నుంచీ, కాకినాడ నుంచీ కూలీలు, వ్యాపారులు బర్మా వెళ్లేవారు. రంగూన్‌లో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలవడం ఆ రేవు పేరు మీదనే. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు వాళ్లలో ఎందరో అడవుల మీదుగా నడిచి స్వదేశం చేరుకున్నారు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో డబ్బు పోగుపడింది. నిర్మాణాలు జోరందుకున్నాయి, ఇళ్లలో పనివాళ్ల అవసరం పెరిగింది. అప్పటి నుంచి కోనసీమ చూపు తూర్పు నుంచి పడమటికి మళ్లింది. భూమి లేని కుటుంబాలకు, ముఖ్యంగా దళిత కుటుంబాలకు, అప్పు తీర్చుకోవడానికీ స్లాబు ఇల్లు కట్టుకోవడానికీ ఆడపిల్ల పెళ్లి చేయడానికీ గల్ఫ్ ఒక దారి అయింది.

ఈ వలస చట్టం పరిధిలోనే సాగాలి. 1983 నాటి ప్రవాస చట్టం ప్రకారం పదో తరగతి పాసవనివారి పాస్‌పోర్టుకు ‘ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం’ అన్న షరతు ఉంటుంది. గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు పనికోసం వెళ్లాలంటే అలాంటివారు ముందుగా అనుమతి పొందాలి. ఆ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండి ఉండాలి. 2016 నుంచి ఇలాంటి మహిళల నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలన్న నిబంధన వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు ఓంక్యాప్, తెలంగాణకు టామ్‌కామ్ ఆ సంస్థలు. ఈ దారిలో వెళ్లిన మనిషి తిరిగి రావడం తేలిక. ఏజెంటు మాట నమ్మి విజిట్ వీసా మీద వెళ్లిన మనిషికి తిరుగు ప్రయాణమే పెద్ద సమస్య. స్వాగతం ఎలా ఉంటుందన్నది చాలావరకు వెళ్లిన రోజునే ఖాయమవుతుంది.

వేసవిలోనే ఎందుకు

ఇంటిపనిలో ఉన్నవాళ్లు సెలవును తమ ఇష్టం వచ్చినప్పుడు తీసుకోలేరు. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి వారానికో సెలవు, ఏటా 30 రోజుల జీతంతో కూడిన సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, మానేసేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ముగింపు సొమ్ము ఇవ్వాలని చెప్పింది. 2016లో నెలకు కనీస జీతం 60 దినార్లుగా నిర్ణయించారు. ఆచరణలో మాత్రం రెండేళ్ల ఒప్పందం ముగిశాక సెలవంతా కలిపి వాడుకుని ఇంటికి వచ్చేవారు ఎక్కువ. అదీ యజమాని ఒప్పుకున్నప్పుడే. రంజాన్ నెలలో ఇళ్లలో వంట, అతిథుల రాకపోకలు పెరుగుతాయి కాబట్టి ఆ రోజుల్లో పనిమనిషిని పంపడానికి ఎవరూ ఇష్టపడరు. చాంద్రమానం వల్ల రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో పండుగ మార్చి, ఏప్రిల్ నెలల్లో ముగియడంతో ఆ వెంటనే సెలవు అడగడానికి వీలు చిక్కింది. అక్కడి బడులు జూన్ చివర్లో మూసేశాక యజమాని కుటుంబాలు చల్లని దేశాలకు వెళతాయి. కొందరికి అప్పుడు సెలవు దొరుకుతుంది, మరికొందరు ఆ కుటుంబంతోనే వెళ్లాల్సి వస్తుంది.

ఇటువైపు చూస్తే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు సెలవులు. పిల్లలతో పొద్దస్తమానం గడపాలంటే ఇంతకంటే మంచి సమయం లేదు. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పెళ్లి ముహూర్తాలు ఉంటాయి. ఆషాఢం వస్తే ఆగిపోతాయి. కూతురి పెళ్లికో తమ్ముడి పెళ్లికో అందుకోవాలని సెలవు తేదీలను ముహూర్తానికి అతికిస్తారు. శుక్ర మౌఢ్యం పడిన ఏడు ఈ లెక్క తప్పుతుంది. 2024లో మే, జూన్ నెలలు ముహూర్తాలు లేకుండానే గడిచాయి. అన్నిటికంటే ముందు, గల్ఫ్ ఎండ నుంచి కొన్నాళ్లు తప్పించుకోవాలన్న కోరిక ఉంటుంది. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులైలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఎండ ఎంత తీవ్రమంటే జూన్ నుంచి ఆగస్టు దాకా మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని అక్కడి ప్రభుత్వం నిషేధం పెట్టింది. నిర్మాణ పనుల్లో ఉన్న మగవాళ్లకు ఆ నెలల్లో ఇంటికి రావడమే పెద్ద ఊరట.

అక్కడ పెట్టెలు, ఇక్కడ ఇల్లు

ప్రయాణం ఖాయమయ్యాక రెండు వైపులా సన్నాహాలు మొదలవుతాయి. అక్కడ పెట్టెలు కట్టడం నెలల ముందే ఆరంభమవుతుంది. విమానంలో తెచ్చుకునే సామాను బరువు పరిమితం కాబట్టి పెద్ద దుప్పట్లు, గిన్నెలు, పిల్లల బొమ్మలు ముందుగానే కార్గోలో వేస్తారు. చేతి పెట్టెల్లో ఖర్జూరాలు, పాలపొడి డబ్బాలు, సబ్బులు, సెంటు సీసాలు, తలనొప్పి బామ్, చాక్లెట్లు ఉంటాయి. ఒకప్పుడు టేప్ రికార్డరు, గోడ గడియారం, నైలాన్ చీర గల్ఫ్ ఇంటికి గుర్తులు. ఇప్పుడు ఆ స్థానంలో సెల్‌ఫోను ఉంది. ఎవరికేమి తేవాలో రాసిన జాబితాలో తల్లిదండ్రులు, పిల్లలు, అత్తింటివాళ్లు, తోడికోడళ్లు, పిల్లలను చూసుకున్న పక్కింటివాళ్లు, ప్రయాణానికి అప్పిచ్చినవాళ్లు అందరూ ఉంటారు. ఎవరినీ మరచిపోకూడదన్న ఆరాటంలో సొంతానికి ఏమీ కొనుక్కోకుండా వచ్చేవాళ్లు ఎందరో.

బంగారం విషయంలో నిబంధనలు తెలిసి ఉండాలి. విదేశంలో ఏడాదికి పైగా ఉండి వచ్చినవారు సొంత ఆభరణాలు స్త్రీలైతే 40 గ్రాములు, పురుషులైతే 20 గ్రాముల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఇది నగలకే వర్తిస్తుంది. బిస్కెట్లు, నాణేల రూపంలో తెస్తే సుంకం కట్టాలి. కొన్న రసీదు దగ్గర ఉంచుకోవడం, పరిమితి మించితే రెడ్ చానల్‌లోకి వెళ్లి చెప్పడం క్షేమం. తెలిసినవారో తెలియనివారో ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవడం ప్రమాదం. విమానాశ్రయంలో దానికి బాధ్యత మోసేది పెట్టె యజమానే.

ఇక్కడ ఇంటికి సున్నం వేయడం, పెంకుటిల్లయితే వాన రాకముందే కప్పు సరిచేయడం, మంచం పట్టీలు బిగించడం, పంకా బాగుచేయించడం జరుగుతాయి. డబ్బులు పంపి కట్టించిన ఇల్లయితే, కట్టించిన మనిషి దాన్ని మొదటిసారి చూసేది అప్పుడే. గదుల కొలతలు ఫోనులో విని, గోడల రంగు వీడియోలో చూసి, గృహప్రవేశానికి రాలేకపోయిన తల్లి ఆ గడప తొక్కడం కుటుంబానికంతా పెద్ద సంబరం. ఆ ఇంట్లో ఆమె కోసమని ఒక గది, కనీసం ఒక బీరువా అర కేటాయించి ఉంచే కుటుంబాలు ఆమె మనసు తెలిసినవి. రెండేళ్లపాటు పరాయి ఇంట్లో, వంటగది పక్కనున్న చిన్న గదిలో బతికిన మనిషికి తనదంటూ ఒక చోటు కనిపించడం ఏ కానుక కన్నా గొప్పది.

విమానాశ్రయం నుంచి గోదావరి వంతెన దాకా

కోనసీమలో విమానాశ్రయం లేదు, రైలు స్టేషనూ లేదు. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు మార్గం పనులు ఏళ్లుగా సాగుతున్నాయి. గల్ఫ్ విమానాలకు ఎక్కువమంది హైదరాబాద్‌లోని శంషాబాద్‌నే నమ్ముకుంటారు. 2008 మార్చిలో శంషాబాద్ మొదలుకాక ముందు బేగంపేటలో దిగేవారు. విజయవాడ దగ్గరి గన్నవరం, విశాఖపట్నం విమానాశ్రయాలు దగ్గరి దారులే కానీ అక్కడికి గల్ఫ్ నుంచి నేరుగా వచ్చే విమానాలు కొద్ది. సమయాలు కూడా మారుతుంటాయి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు, దుబాయ్ గంటన్నర వెనక. అక్కడ రాత్రి బయలుదేరిన మనిషి ఇక్కడ తెల్లవారుజామున దిగుతుంది. ఆ వేళకు అందుకోవాలంటే ఇంటివాళ్లు ముందురోజే కారు కట్టించుకుని బయలుదేరాలి.

కారులో ఎవరెవరు వెళ్లాలన్నది ఇంట్లో పెద్ద చర్చే. పిల్లలు తప్పనిసరి. భర్త, అన్నదమ్ముల్లో ఒకరు, ఇంకా చోటుంటే తల్లి. పెట్టెలకు చోటు వదలాలన్నది తర్వాత గుర్తొస్తుంది. విమానాశ్రయంలో తలుపు తెరుచుకున్న ప్రతిసారీ మెడలు చాచి చూస్తారు. బయటకొచ్చే మనిషి కాస్త చిక్కి ఉంటుంది, లేదా కాస్త ఒళ్లు చేసి ఉంటుంది. ఫోనులో రోజూ చూసిన ముఖమే అయినా ఎదురుపడినప్పుడు మాట పెగలదు.

తిరుగు ప్రయాణం మే నెల ఎండలో సాగుతుంది. రాత్రంతా మేలుకున్న డ్రైవరుతో వెంటనే బయలుదేరడం మంచిది కాదు. రెండు గంటలు విశ్రాంతి ఇచ్చి, నీళ్లు, మజ్జిగ వెంట ఉంచుకుని కదలాలి. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవారు తణుకు దాటాక సిద్ధాంతం దగ్గర వసిష్ఠ గోదావరిని దాటి రావులపాలెం చేరతారు. పాలకొల్లు మీదుగా వస్తే చించినాడ వంతెన దాటి దిండి దగ్గర కోనసీమలో అడుగుపెడతారు. విశాఖ వైపు నుంచి వచ్చేవారికి యానాం దాటాక ఎదుర్లంక వంతెన వస్తుంది. 2002లో తెరిచిన ఈ వంతెనకు కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. ఈ వంతెనలు లేని రోజుల్లో చివరి మజిలీ పంటు మీదే. పెట్టెలు, సైకిళ్లు, మేకలు, మనుషులు కలిసి ఏరు దాటేవారు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ప్రయాణం ఈ కాలంలోనూ జనానికి తెలిసినదే. ఏ దారిన వచ్చినా, గోదావరి మీదికి రాగానే కారు అద్దం దించి గాలి పీల్చుకోవడం మామూలు. కొబ్బరితోటలు మొదలయ్యేది అక్కడి నుంచే.

గడప దగ్గర

వచ్చిన మనిషిని గడప బయటే నిలబెట్టి కాళ్లకు నీళ్లిస్తారు. హిందువుల ఇళ్లలో పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీసి వీధిలో పారబోస్తారు. పెద్ద ముత్తయిదువ హారతి ఇచ్చి లోపలికి పిలుస్తుంది. అదే వారంలో గ్రామదేవతకో, అంతర్వేది లక్ష్మీనరసింహస్వామికో మొక్కు చెల్లిస్తారు. కోనసీమలో గల్ఫ్ వెళ్లిన కుటుంబాల్లో క్రైస్తవులు చాలామంది. ఆ ఇళ్లలో పాస్టరు గారిని పిలిచి ప్రార్థన చేయిస్తారు. వచ్చిన మొదటి ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పి కృతజ్ఞత కానుక ఇస్తారు. సంఘస్థులకు భోజనం పెట్టేవారూ ఉంటారు. ముస్లిం కుటుంబాల్లో దువా చేయించి, మక్కా వెళ్లే అవకాశం దొరికి ఉంటే జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలు పంచుతారు. పద్ధతి ఏదైనా భావం ఒకటే: దూరం పోయిన మనిషి క్షేమంగా చేరింది, ఆ క్షేమాన్ని నలుగురితో పంచుకోవాలి.

మొదటి రెండు రోజులు ఇల్లంతా చుట్టాలతో నిండి ఉంటుంది. పెట్టెలు విప్పే వేళ పిల్లలు చుట్టూ చేరతారు. అందరూ చూస్తుండగా పంచడం కంటే కుటుంబంలో ఒకరు ముందే విడివిడిగా సంచులు కట్టి ఎవరివి వారికి ఇవ్వడం మేలని అనుభవజ్ఞుల మాట. ఒకరి సెంటు సీసా పెద్దది, ఇంకొకరిది చిన్నది అన్న పోలిక రాకుండా ఉంటుంది. ప్రయాణపు బడలిక తీరకముందే వచ్చినవారికల్లా కాఫీలు కలిపే పని ఆమెకు అప్పగించకూడదు. రెండేళ్లు చేసినది అదే పని. ఇంట్లో కూడా అదే ఎదురైతే వచ్చిన సంతోషం నిలవదు.

వేసవి భోజనం

ఇంటికొచ్చిన మనిషి మొదట అడిగేది తిండి గురించే. అంబాజీపేట వైపు పనసాకు బుట్టల్లో ఉడికించే పొట్టిక్కలు పొద్దున ఫలహారానికి వస్తాయి. మధ్యాహ్నం పనసపొట్టు కూర ఆవపెట్టి వండుతారు. మామిడికాయ వేసిన పప్పు, మామిడికాయ ఎండురొయ్యల కూర, చింతచిగురు రొయ్యలు ఈ కాలానివే. తోటల్లో ముంజెలు, కొబ్బరి బొండాలు, ఇసుక నేలల్లో పచ్చి జీడిపప్పు దొరుకుతాయి. బంగినపల్లి, రసాలు, సువర్ణరేఖ పళ్లు బుట్టలతో దిగుతాయి. ఆత్రేయపురం మామిడి తాండ్ర, పూతరేకులు కొనిపెడతారు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

సముద్రపు చేప మాత్రం ఈ రోజుల్లో అంత సులువుగా దొరకదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలతో వేటను నిషేధిస్తారు. తెడ్లు, తెరచాపలతో నడిచే సంప్రదాయ పడవలు తెచ్చిన కొద్దిపాటి చేప రేవులోనే అమ్ముడుపోతుంది. ఈ రెండు నెలలు చెరువు రొయ్యలు, కాలువ చేపలు, పీతలు, ఎండు మెత్తళ్లతో సరిపెట్టుకోవాలి. పులస కావాలంటే గోదావరికి వరద నీరు వచ్చే జులై, ఆగస్టు దాకా ఆగాలి. జూన్ మధ్యలో వచ్చిన మనిషికి నిషేధం ముగిసి వేటకు వెళ్లిన బోట్ల తొలి చేప అందుతుంది.

ఆవకాయ పెట్టడం కూడా ఇప్పుడే. కొత్తపల్లి కొబ్బరి లాంటి పచ్చడికాయలు తెచ్చి కడిగి తుడిచి, కత్తిపీట మీద ముక్కలు కొట్టించి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలిపే పనిలో అమ్మ, కూతురు, మనవరాలు కలుస్తారు. మాగాయ ముక్కలు మేడ మీద ఎండుతుంటాయి. ఏళ్ల తరబడి దూరమైన మనిషి తిరిగి ఇంటి లయలో కలిసేది ఇలాంటి ఉమ్మడి పనుల్లోనే. తిరిగి వెళ్లేటప్పుడు ఆ జాడీ నుంచే ఒక సీసా ఆమెతో వెళుతుంది.

సముద్రపు ఒడ్డున

తీరంలో మే నెల ఎండ లోతట్టు ప్రాంతాల కంటే కాస్త తక్కువ, ఉక్కపోత ఎక్కువ. నేల త్వరగా వేడెక్కి, దాని మీది గాలి పైకి లేవడంతో సముద్రం మీది చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది. మధ్యాహ్నం నుంచి వీచే సముద్రపు గాలి ఇదే. పడమటి వడగాలి బలంగా ఉన్న రోజున ఈ గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. రోహిణి కార్తెలో అలాంటి రోజులు తరచుగా ఉంటాయి. ఏసీ ఇళ్లలో రెండేళ్లు గడిపిన శరీరానికి ఈ ఉక్క అలవాటు తప్పి ఉంటుంది. మొదటి వారం ఎండవేళ ప్రయాణాలు పెట్టుకోకపోవడం, మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఉప్పు కలిపిన నిమ్మరసం తరచూ తాగడం అవసరం.

సాయంత్రాలు సముద్రానికి వెళ్లడం పిల్లలకు పండగ. వసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో గుడి, దీపస్తంభం, అన్నాచెల్లెళ్ల గట్టు చూడదగ్గవి. వైనతేయ పాయ కలిసే ఓడలరేవు, సరుగుడు తోటల ఎస్.యానాం తీరం కూడా కుటుంబాలు వెళ్లే చోట్లే. నదీముఖాల దగ్గర ఇసుక మేటలు మారుతుంటాయి, అడుగున ప్రవాహం లాగేస్తుంది, మోకాలి లోతు నీళ్లలోనే కాలు జారుతుంది. ఏటా ఈ తీరంలో యువకులు మునిగిపోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి. పోలీసులు, మెరైన్ సిబ్బంది చెప్పిన హద్దు దాటకూడదు. పిల్లలను పెద్దలు చేయిపట్టుకునే ఉండాలి. వేసవిలో తుపానులూ రావచ్చు. 1990 మే నెలలో మచిలీపట్నం వైపు తీరాన్ని తీవ్ర తుపాను తాకింది. వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్న రోజు సముద్రం చూడ్డం మానుకోవాలి.

పిల్లలు, తల్లి

స్వాగతంలో అన్నిటికంటే సున్నితమైన భాగం పిల్లలది. రెండేళ్ల వయసులో వదిలి వెళ్లిన బిడ్డ నాలుగేళ్లకు తల్లిని చూసి అమ్మమ్మ కొంగు వెనక దాక్కుంటుంది. ఆకలేసినా, నిద్రొచ్చినా అమ్మమ్మ దగ్గరికే వెళుతుంది. ఇది ప్రేమ లేకపోవడం వల్ల వచ్చింది కాదు. చిన్న పిల్లలు రోజూ అన్నం పెట్టి, స్నానం చేయించి, పక్కన పడుకునే మనిషితో బంధం అల్లుకుంటారు. ఫోనులో కనిపించే ముఖం ఆ లోటు తీర్చలేదు. “అమ్మ దగ్గరికి వెళ్లు, నీ కోసమే వచ్చింది” అని బలవంతం చేయడం, రాకపోతే తిట్టడం తల్లినీ బిడ్డనూ ఇద్దరినీ గాయపరుస్తాయి. అమ్మమ్మ పక్కనే ఉండగా తల్లి అన్నం కలిపి పెట్టడం, ఇద్దరూ కలిసి స్నానం చేయించడం, కొన్నాళ్లు ముగ్గురూ ఒకే గదిలో పడుకోవడం నెమ్మదిగా దారి చూపుతాయి.

పదేళ్లు దాటిన పిల్లల సంగతి వేరు. వాళ్లకు తల్లి ఎందుకు వెళ్లిందో తెలుసు, అయినా కోపం ఉంటుంది. అడిగిన వస్తువల్లా కొనిచ్చి ఆ కోపాన్ని తీర్చాలని చూస్తే అలవాటు చెడుతుంది. చదువు, స్నేహితులు, భయాలు గురించి తీరుబడిగా వినడం ఎక్కువ మేలు చేస్తుంది. ఈ రెండేళ్లూ పిల్లలను పెంచిన పెద్దావిడకు కూడా ఈ రోజులు తేలిక కాదు. బిడ్డ తల్లికి దగ్గరవుతున్నకొద్దీ ఆమెకు సంతోషమూ, వెలితీ రెండూ ఉంటాయి. ఆమె చేసిన పనిని అందరి ముందూ గుర్తించి చెప్పడం కుటుంబ ధర్మం. భార్యాభర్తల మధ్య కూడా మౌనం పేరుకుని ఉంటుంది. ఇన్నాళ్లూ ఇంటి నిర్ణయాలు ఒకరే తీసుకున్నారు. వచ్చిన మనిషికి ఆ నిర్ణయాల్లో తన వంతు తిరిగి ఇవ్వాలి.

డబ్బు లెక్కలు

గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి దగ్గర డబ్బు ఉంటుందన్న నమ్మకం ఊరంతటికీ ఉంటుంది. వచ్చిన వారంలోపే చేబదులు అడిగేవాళ్లు, చీటీలో చేరమనేవాళ్లు, స్థలం బేరం తెచ్చేవాళ్లు గుమ్మం ఎక్కుతారు. చాలామంది విషయంలో ఆ డబ్బు ఏజెంటుకు కట్టిన అప్పు, వడ్డీ, ఇంటి నిర్మాణం కింద అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది. కాదని చెప్పే భారం ఆమె ఒక్కదాని మీద వేయకుండా కుటుంబమంతా ఒక్క మాట మీద నిలబడాలి. రెండేళ్లలో ఎంత పంపింది, ఎంత దేనికి ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది భర్త, తల్లిదండ్రులు పుస్తకం ముందుపెట్టి చూపడం ఆమెకు దక్కాల్సిన గౌరవం. స్థలమో ఇల్లో కొన్నప్పుడు పత్రాల్లో ఆమె పేరు ఉందో లేదో ఈ సెలవులోనే చూసుకోవాలి.

బ్యాంకు విషయంలో కూడా కొన్ని పనులున్నాయి. సెలవు మీద వచ్చినవారు ప్రవాస భారతీయులకుండే ఎన్ఆర్ఈ ఖాతాను అలాగే కొనసాగించవచ్చు. పూర్తిగా తిరిగొచ్చేస్తే ఆ సంగతి బ్యాంకుకు తెలిపి దాన్ని దేశీయ ఖాతాగా మార్పించుకోవాలి. ఖాతాలకు, బీమాలకు నామినీ పేరు రాయించడం కూడా ఈ రోజుల్లోనే చేయాలి.

ఒంటి బాగోగులు

ఇంట్లోనే ఉండి పనిచేసేవారికి ఎండ తగలక డి విటమిను తగ్గడం, గంటల తరబడి నిలబడటంతో మోకాళ్లు, నడుము నొప్పులు, వేళ తప్పిన తిండితో గ్యాస్, మధుమేహం, రక్తపోటు కనిపిస్తుంటాయి. వచ్చిన రెండో వారంలో ఒకసారి రక్తపరీక్షలు, కళ్లు, పళ్లు చూపించుకోవడం మంచిది. నిద్ర పట్టకపోవడం, చిన్న శబ్దానికి ఉలిక్కిపడటం, ఎవరితోనూ మాట్లాడకపోవడం వారాల తరబడి సాగితే మానసిక వైద్యుల సలహా తీసుకోవాలి. అక్కడ ఏం జరిగిందో చెప్పమని గుచ్చి గుచ్చి అడగకూడదు. చెప్పాలనిపించినప్పుడు నమ్మి వినే మనిషి ఒకరు దగ్గరుంటే చాలు. ఆమె నడవడి మీద ఊళ్లో వచ్చే గుసగుసలను ఇంటి గడప దాటి లోపలికి రానివ్వకపోవడం కుటుంబం చేయగల పెద్ద మేలు.

చేతులు ఖాళీగా వచ్చినవారు

అందరి రాకా పెట్టెలతో, హారతులతో జరగదు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరిన భారతీయులను ఎయిర్ ఇండియా విమానాలు తీసుకొచ్చాయి. 1,70,000 మందికి పైగా ఆ దారిన స్వదేశం చేరారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. 2020 వేసవిలో కరోనా వేళ మే 7న మొదలైన వందే భారత్ విమానాల్లో వచ్చినవారు గడప దగ్గరికి కాకుండా ముందు క్వారంటైన్ కేంద్రాలకు వెళ్లారు. కువైట్ ప్రభుత్వం 2018, 2020, 2024 సంవత్సరాల్లో ప్రకటించిన క్షమాభిక్షల్లో ఆకామా (నివాస అనుమతి) గడువు తీరినవారు జరిమానా లేకుండా ఇంటికొచ్చారు. జీతం అందక, దెబ్బలు తిని, రాయబార కార్యాలయం ఆశ్రయంలో ఉండి వచ్చినవారూ ఉన్నారు.

ఇలాంటివారికి సాయం చేసే ఏర్పాట్లు ఉన్నాయి. రాయబార కార్యాలయాల్లోని భారతీయ సమాజ సంక్షేమ నిధి కష్టాల్లో ఉన్నవారికి ఆశ్రయం, విమాన టిక్కెట్టు సమకూరుస్తుంది. ఫిర్యాదులకు విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ బాధితులను రప్పించడంలో, మృతదేహాలను, రోగులను విమానాశ్రయం నుంచి ఉచిత అంబులెన్సులో ఊరికి చేర్చడంలో సాయపడుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఖాళీ చేతులతో వచ్చిన మనిషిని ఓడిపోయి వచ్చినట్టు చూడటం అన్యాయం. ప్రాణాలతో ఇల్లు చేరిన ఆమెకు అందరికంటే ఆదరంగా గడప తెరవాలి.

తిరుగు ప్రయాణం, లేదా ఇక్కడే

జూన్ రెండో వారంలో నైరుతి గాలులు తీరాన్ని తాకి బడులు తెరిచే వేళకు చాలామంది సెలవు ముగుస్తుంది. తిరిగి వెళ్లేవారు ఆకామా, వీసా, పాస్‌పోర్టు గడువులు నెల ముందే చూసుకోవాలి. సెలవు పొడిగిస్తూ పోతే ఆకామా రద్దయ్యే ప్రమాదం ఉంది. పెట్టెలో పెట్టే సరుకుల్లో గసగసాలు ఉండకూడదు. యూఏఈ, సౌదీ అరేబియా వంటి దేశాల్లో వాటిని మత్తుపదార్థంగా లెక్కిస్తారు. వంటకు తీసుకెళ్లి జైలు పాలైనవారు ఉన్నారు. గసగసాలు కలిపిన మసాలా పొడి కూడా అంతే ముప్పు. నొప్పి, దగ్గు మందులు కొన్ని అక్కడ నిషిద్ధం కాబట్టి డాక్టరు చీటీ వెంట ఉండాలి. ఆవకాయ సీసాను గట్టిగా మూతకట్టి పెద్ద పెట్టెలోనే పెట్టాలి. ఒప్పందం నకలు, యజమాని చిరునామా, రాయబార కార్యాలయం నంబరు ఇంట్లో ఒక చోట రాసి ఉంచడం తప్పనిసరి.

ఇక వెళ్లనని నిర్ణయించుకున్నవారికి కుటుంబం అంతే బలంగా తోడు నిలవాలి. నెలకు వచ్చే డబ్బు ఆగిపోతుందన్న బెంగతో ఆమెను మళ్లీ విమానం ఎక్కించే కుటుంబాలు ఉన్నాయి. కుట్టుమిషను, పాడిగేదె, కొబ్బరి పీచు పని, పొదుపు సంఘం రుణంతో చిన్న అంగడి లాంటి దారులు నెమ్మదిగానే నిలదొక్కుకుంటాయి. ఆ మొదటి ఏడాదిలో ఆమె సంపాదన తగ్గినా ఇంట్లో ఆమె మాట విలువ తగ్గకుండా చూసుకోవడం కుటుంబం బాధ్యత. విమానాశ్రయం దగ్గర మొదలైన స్వాగతం అక్కడికి పూర్తవుతుంది.